మ్యూజికల్ థియేటర్ చదువు: బీఎఫ్ఏనా, బీఏనా?

అమెరికాలో మ్యూజికల్ థియేటర్, అంటే పాట, డ్యాన్స్, నటన కలిసిన నాటకాలు, చదవాలంటే ముందు తేల్చుకోవాల్సింది బీఎఫ్ఏనా (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), బీఏనా అన్నది. రెండూ మామూలుగా నాలుగేళ్లే. బీఎఫ్ఏలో దాదాపు మూడింట రెండు వంతుల చదువు పాట, డ్యాన్స్, నటన చుట్టూనే తిరుగుతుంది. బీఏలో ఆ వాటా సగానికి లోపే. మిగతా టైమ్‌లో చరిత్ర చదువుకుంటారో, లెక్కలు చేసుకుంటారో మీ ఇష్టం.

బీఎఫ్ఏ టైమ్‌టేబుల్ చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. పొద్దున బ్యాలే డ్యాన్స్, ఆ వెంటనే ట్యాప్ (బూట్లతో తాళం వేసే డ్యాన్స్) లేదా జాజ్ డ్యాన్స్, మధ్యాహ్నం నటన, మధ్యలో వాయిస్ పాఠం, సాయంత్రమైతే రిహార్సల్. ఇందులో ఒక ఎకనామిక్స్ క్లాసు ఇరికించాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. సీటు దొరకడమూ తేలిక కాదు. చాలాచోట్ల ముందు వీడియో పంపాలి, అది నచ్చితేనే ఆడిషన్‌కు పిలుపు. అక్కడ పాట మొత్తం వినే ఓపిక ఎవరికీ ఉండదు, పదహారు బార్లో ముప్పైరెండు బార్లో (బార్ అంటే పాటలో తాళం ప్రకారం కొలిచే చిన్న ముక్క) పాడమంటారు. పదహారు బార్లంటే చాలా పాటల్లో నిమిషం కూడా పట్టదు. గొంతు సర్దుకునేలోపే అయిపోతుంది. తర్వాత మోనోలాగ్ (ఒక్కరే చెప్పే డైలాగ్), డ్యాన్స్ కాల్ (అక్కడికక్కడే నేర్పిన స్టెప్పులు వేసి చూపించడం). మార్కులు చూసి యూనివర్సిటీ సరేనన్నా, ఈ విభాగం వద్దనొచ్చు.

ఇంత టెన్షన్ ఎందుకు పడాలి? నన్నడిగితే డ్యాన్స్ కోసం. చరిత్ర నలభై ఏళ్లకైనా చదువుకోవచ్చు. బ్యాలే, ట్యాప్ అలా కాదు, మొక్కై వంగనిది మానై వంగునా? పాట, నటన బాగా వచ్చి, డ్యాన్స్‌లో మాత్రం వెనకబడి, స్టేజీ తప్ప ఇంకేదీ వద్దనుకునేవాళ్లకు బీఎఫ్ఏనే మేలు.

సొంతంగా రాయాలని, సంగీతం కట్టాలని ఉన్నవాళ్లకు మాత్రం నా ఓటు బీఏకే. మ్యూజికల్స్‌కు పాటలు రాసి, సంగీతం కట్టిన స్టీఫెన్ సోండ్‌హైమ్ విలియమ్స్ కాలేజీలో సంగీతం చదివి 1950లో పట్టా పుచ్చుకున్నారు. అది రకరకాల సబ్జెక్టులు కలిపి నేర్పే లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, నటుల ట్రైనింగ్ స్కూల్ కాదు. ఇంకో రచయిత లిన్-మాన్యుయెల్ మిరాండా వెస్లియన్ యూనివర్సిటీలో రెండో ఏడాది చదువుతూ ‘ఇన్ ద హైట్స్’ అనే మ్యూజికల్ తొలి రూపం రాశారు. 2008లో అది బ్రాడ్‌వే (న్యూయార్క్‌లోని పెద్ద నాటక రంగం) మీద టోనీ అనే నాటక అవార్డు గెలిచింది. నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో పద్ధతి ఇంకోలా ఉంటుంది. థియేటర్ మేజర్‌ (ప్రధాన సబ్జెక్టు)తో బీఏ చేస్తూ, కావాలంటే మ్యూజిక్ థియేటర్ సర్టిఫికెట్‌కు ప్రయత్నించవచ్చు. 1929లో మొదలైన అక్కడి వా-ము షోలో పాటలూ మాటలూ విద్యార్థులవే.

అలాగని బీఎఫ్ఏ చదివినవాళ్లు రాయలేరని కాదు. పాటల రచయితల జోడీ బెంజ్ పాసెక్, జస్టిన్ పాల్ ఇద్దరూ కలిసింది మిషిగన్ యూనివర్సిటీ మ్యూజికల్ థియేటర్ బీఎఫ్ఏలోనే. పైగా ఇవన్నీ గెలిచినవాళ్ల కథలు. ఓడినవాళ్లు ఏం చదివారో ఎవరూ రాయరు కదా.

బీఏలో ఒక తిరకాసు ఉంది. బ్రోషర్‌లో డ్యాన్స్ క్లాసులు ఉంటాయని రాస్తారు, తీరా చేరాక వారానికి రెండే అని తెలుస్తుంది. బీఏ, బీఎఫ్ఏ రెండూ ఉన్నచోట పెద్ద వేషాలు బీఎఫ్ఏ వాళ్లకే పోయే ప్రమాదమూ ఉంది. అందుకే చేరకముందే మొహమాటం లేకుండా అడగండి. ప్రధాన నాటకాల ఆడిషన్లకు బీఏ వాళ్లనూ రానిస్తారా? వాయిస్ పాఠం ఫీజులో కలిసే ఉంటుందా, విడిగా కట్టాలా? పోయినేడాది హీరో వేషం ఎవరు కట్టారు? సూటిగా జవాబు రాకపోతే ఆ కాలేజీని పక్కన పెట్టేయొచ్చు.

బీఎఫ్ఏతో పాటు ఇంకో సబ్జెక్టులోనూ పట్టా కావాలనుకుంటే డబుల్ డిగ్రీ ఉంది. తరచూ ఐదేళ్లు పడుతుంది, అంటే ఇంకో ఏడాది ఫీజు. రెండో సబ్జెక్టు మీద నిజంగా మనసుంటేనే దాని జోలికి వెళ్లండి. అమ్మానాన్నల భయం తీర్చడానికే అయితే బీఏతో పాటు ఒక మైనర్ (చిన్న రెండో సబ్జెక్టు) చేసినా సరిపోతుంది.