ద్వారకా నగర్‌లో కొన్న ప్రపంచ పటం: బాల్టిక్‌కి మూత పెట్టేశారు

ఐదుకి మూడు స్టార్లు. ఆ మూడూ లామినేషన్‌కే.

సెలవులకొచ్చిన మనవణ్ణి విశాఖ బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్లాను. 1969 డిసెంబరులో దాన్ని రీగాలో నౌకాదళంలోకి తీసుకున్నారని చెప్తే, "రీగా ఎక్కడ తాతయ్యా?" అన్నాడు. ఓడల ఇంజన్ రూముల్లో ముప్ఫై ఏళ్లు చేసినవాణ్ణి, ఉత్త నోటిమాటతో సరిపెడతానా? ఇంటికెళ్తూ ద్వారకా నగర్‌లో దిగి, ఓ పుస్తకాల షాపులో నాలుగడుగుల గోడ మ్యాప్ కొన్నాను. 480 రూపాయలు. ఇంట్లో 400 అని చెప్పాను.

సరుకు గట్టిదే. చారు ఒలికినా తడిగుడ్డతో తుడిస్తే పోయింది. తెలుగు పేర్లు చదవడానికి మాత్రం భూతద్దం కావాలి.

అసలు గొడవ బాల్టిక్ దగ్గర, అంటే రీగా రేవున్న ఉత్తర ఐరోపా సముద్రం దగ్గర. డెన్మార్క్ దీవుల మధ్యా, స్వీడన్ పక్కనా ఉండే మూడు సందుల్నీ నేలరంగుతో కప్పేశారు. సముద్రం కాస్తా చెరువైపోయింది! "మరి సబ్‌మెరైన్ బయటికెలా వచ్చింది?" అన్నాడు వాడు.

ఆ సందులు ఇరుకుగా, లోతు తక్కువగా ఉండబట్టే ఆ సముద్రం తీరు వేరు. బయటి ఉప్పునీళ్లు కొద్దిగానే లోపలికొస్తాయి, నదులేమో మంచినీళ్లు పోస్తూనే ఉంటాయి. మహాసముద్రంలో కిలో నీళ్లకి 35 గ్రాముల ఉప్పుంటే, బాల్టిక్ నడిమధ్య పైనీళ్లలో 7 గ్రాములు. ఉత్తరాన బోత్నియా సింధుశాఖ కొసకెళ్తే రెండు మూడే. ఉప్పు పలచన కాబట్టి చలికాలం తొందరగా గడ్డకడుతుంది. ఇంజన్ చల్లబరచడానికి నీళ్లు లాగే సీ చెస్ట్‌లో మంచుముక్కలు అడ్డం పడ్డాయంటే నీళ్లు రావు. బయట ఎముకలు కొరికే చలి, లోపల మాకేమో ఇంజన్ వేడెక్కిపోతుందని టెన్షన్!

మ్యాప్ మార్చమని మర్నాడు పట్టుకెళ్లాను. "అంత చిన్న చోటు ఎవరు చూస్తారు మేస్టారూ?" అన్నాడు షాపతను. చిన్నదా? మన రెండు తెలుగు రాష్ట్రాలనీ ఆ బాల్టిక్ సముద్రంలో పడేస్తే ఇంకా చోటు మిగులుతుంది. మార్చలేదు.

చివరికి నీలం మార్కర్‌తో ఆ మూడు సందుల్నీ నేనే గీశాను: ఓరెసుండ్, గ్రేట్ బెల్ట్, లిటిల్ బెల్ట్. మనవడు రీగా మీద వేలుపెట్టి, సందులోంచి బయటపడి, అప్పట్లో సూయజ్ కాలువ మూసుందని నేను చెప్తే ఆఫ్రికా మొత్తం చుట్టి విశాఖ చేరాడు.

మార్కర్ 20 రూపాయలు. అదీ ధరలో కలుపుకోండి.