జిమ్నీలో స్వే బార్ లింకులు విప్పి నడిపితే: చాలాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తాను. స్వే బార్‌ని, అంటే మలుపులో బండి ఒరగకుండా ముందు చక్రాలు రెండింటినీ కలిపి ఉంచే ఉక్కు కడ్డీని, బండిలోంచి పూర్తిగా పీకేయడం నాకు అస్సలు ఇష్టం లేదు. రాళ్లదారి మొదలయ్యే చోట దాని కొసలను తగిలించే చిన్న కడ్డీలు, అంటే లింకులు, విప్పి, మళ్లీ తారు రోడ్డెక్కే ముందు బిగించుకుంటే మాత్రం దాని అంత లాభం ఇంకే మార్పులోనూ నాకు కనిపించలేదు. 5 డోర్ జిమ్నీ కొన్న కొన్నాళ్లకే పిన్ను లాగితే విడిపోయే రకం లింకులు వేయించాను. వారమంతా బెంగళూరు మారతహళ్లి ట్రాఫిక్, వీలు దొరికితే రామనగర, కనకపుర వైపు తెలిసినవాళ్ల తోటల వెనక బండరాళ్ల దారులు, పండక్కి ఎన్‌హెచ్ 44 మీద అనంతపురం. నా వాడకం ఇదే.

ఈ బార్ చేసే పని చాలామందికి సగమే తెలుసు. ముందు చక్రాలు రెండూ ఒకేసారి లేస్తే, అంటే స్పీడ్ బ్రేకర్ మీద, అది ఊరికే తిరుగుతుంది, అడ్డురాదు. ఒకటి లేచి ఇంకొకటి దిగితేనే తడిగుడ్డ పిండినట్టు మెలి పడి, రెండింటినీ ఒకే ఎత్తుకు లాగాలని చూస్తుంది. మలుపులో బండి ఒరగకుండా ఆపేది ఆ మెలే. రాళ్లలో చక్రాన్ని కిందికి దిగనివ్వనిదీ అదే. జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిల్సే (ఎడమ, కుడి చక్రాలు ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి), పైగా స్టెబిలైజర్, అంటే ఈ స్వే బార్, ఉన్నది ముందు మాత్రమే. అందుకే లింకులు విప్పగానే తేడా అంత బాగా తెలుస్తుంది.

నేను తరచూ వెళ్లే దారిలో వాన నీళ్లు కోసేసిన ఒక గండి ఉంది. దాన్ని ఏటవాలుగా దాటాలి. కుడి ముందు చక్రం రాయెక్కేసరికి ఎడమ వెనక చక్రం కూడా మిట్ట మీదే ఉంటుంది, మిగతా రెండూ గుంతలో. బార్ తగిలించి వెళ్తే ఎడమ ముందు టైరు నేలను వదిలి గాల్లో గిర్రున తిరుగుతుంది. అప్పుడు బ్రేక్ ఎల్‌ఎస్‌డీ అనే ఎలక్ట్రానిక్ ఏర్పాటు బ్రేకుతో ఆ చక్రాన్ని పట్టుకుని బలాన్ని అవతలి చక్రానికి పంపుతుంది. పంపుతుంది గానీ, అంతలో ఆక్సిలరేటర్ ఇంకాస్త తొక్కాలి, ఎర్రమట్టి ఎగిరిపడుతుంది, బండి ఒక్కసారి ముందుకు దూకుతుంది. లింకులు విప్పి 4ఎల్‌లో (నాలుగు చక్రాలకూ బలం వెళ్లే నెమ్మది గేరు) అదే గండిలో దిగితే టైరు గుంత అడుగు దాకా దిగి నేలను పట్టుకునే ఉంటుంది. బండి దాదాపు ఐడ్లింగ్‌లోనే పాకుతూ ఎక్కేస్తుంది. దారి కూడా చెడదు.

పట్టు కంటే నాకు ఎక్కువ నచ్చింది లోపల కూర్చున్నవాళ్ల సుఖం. బార్ ఉన్నప్పుడు ఒక చక్రం రాయెక్కితే బాడీ మొత్తం పక్కకు విసురుతుంది, తల అద్దానికి కొట్టుకుంటుందేమో అనిపిస్తుంది. మా ఆవిడకు మెడనొప్పి ఉంది, ఈ దారులంటేనే భయపడేది. లింకులు విప్పి తీసుకెళ్లిన రోజు సాయంత్రం తనే, “ఏమండీ, ఈసారి అమ్మను కూడా తీసుకొద్దామా?” అంది. అత్తగారు వచ్చారు కూడా.

దీనికీ హద్దుంది. టైరు నేలను తాకినంత మాత్రాన సరిపోదు, దాని మీద బరువు పడాలి. స్ప్రింగ్ పూర్తిగా సాగిపోయిన చక్రం మీద బరువు తక్కువ కాబట్టి లోతు గండిలో అది ఎలాగూ జారుతుంది. అక్కడ డిఫరెన్షియల్ లాక్ (రెండు పక్కల చక్రాలనూ ఒకే వేగంతో తిప్పేది) పనికొస్తుంది గానీ ఇది కాదు. మెత్తటి బురదలో, ఇసుకలో నాకు చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. అలాంటిచోట టైర్లలో గాలి తగ్గించడమే మేలు.

ఇక రోడ్డు సంగతి. ‘ఎలాగూ మెత్తగా ఉంది కదా, సిటీలో కూడా అలాగే వదిలేద్దాం’ అని చాలామందికి అనిపిస్తుంది. బెంగళూరు గుంతల్లో నిజంగానే మెత్తగా ఉంటుంది. కానీ దేవనహళ్లి వైపు ఇళ్లు ఇంకా కట్టని ఒక లేఅవుట్‌లో, ఖాళీ రోడ్డు మీద, కావాలనే లింకులు విప్పి 40లో స్టీరింగ్‌ను గబుక్కున తిప్పి చూశాను. బండి ముందు ఒక క్షణం ఆగి, తర్వాత ఒక్కసారిగా ఒరిగింది. వెనక్కి తిప్పేసరికి అటు ఇంకా ఎక్కువ ఒరిగింది. పైగా ముందున్న ఆ ఒక్క బార్ పోతే ఒరుగును ఆపే భారంలో వెనక చక్రాల వాటా పెరుగుతుంది. దాంతో వెనక భాగం జారే గుణమూ పెరుగుతుంది. బండి అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థ ఈఎస్‌పీని ట్యూన్ చేసింది బార్ ఉన్న బండికి. బాగేపల్లి దగ్గర హైవే మీద రాంగ్ రూట్‌లో బైకు ఎదురొస్తే, వెనక సామాను, పిల్లలు ఉండగా ఆ ఒరుగును నేను ఊహించుకోను కూడా. జీప్ రాంగ్లర్ రుబికాన్‌లో బటన్ నొక్కితే బార్ విడిపోతుంది కదా, అందులో కూడా స్పీడు గంటకు 29 కిలోమీటర్లు దాటగానే అదే మళ్లీ కలుపుకుంటుంది. తయారుచేసినవాళ్లే అంత జాగ్రత్త పెట్టారంటే మనం ఆలోచించాలి. మన చట్టంలోనూ మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో మార్పుల గురించే ఉంది. బార్ లేని బండితో ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఏం జవాబు చెప్తాం?

వాడకంలో తెలిసినవి కొన్ని. లింకులు చదును నేల మీదే విప్పాలి, అక్కడే బిగించాలి. ఒక చక్రం రాయి మీదుంటే కన్నం కలవదు. కాస్త తేడా ఉంటే ఎవరైనా డోర్ కింద అంచు పట్టుకుని బండిని ఊపితే పిన్ను దూరిపోతుంది. విప్పిన కొసను వేలాడదీసి వదలకండి, టైరుకో బ్రేక్ హోస్‌కో తగులుతుంది. నేను వెల్క్రో పట్టీతో పైకి కట్టేస్తాను. ఒక పక్క విప్పినా పని జరుగుతుందని కొందరంటారు. నిజమే, మెలి పోతుంది. కానీ రెండో పక్క తగిలించి ఉన్న బార్ చక్రంతో పాటు ఊగుతూ దేనికో ఒకదానికి గుద్దుకుంటుంది.

మొదటిసారి విప్పినప్పుడు యాక్సిల్‌ను పూర్తిగా కిందికి దించి చూసుకోండి. బ్రేక్ హోస్, ఏబీఎస్ సెన్సర్ వైరు లాగినట్టు బిగుసుకోకూడదు. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టుకున్న మెకానిక్ నాకు ఇది చూపించాడు. “బార్ తీస్తే చక్రం ఇంకా దిగుతాది సార్. వైరు పొడుగు మాత్రం అంతే ఉంటాది కదా” అన్నాడు.

రెండో వానాకాలానికి పిన్నులు తుప్పు పట్టడం మొదలైంది. ఎర్రమట్టి లోపల చేరి కన్నం కొద్దిగా అరిగింది. అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్ ర్యాంప్ ఎక్కేటప్పుడు టక్ టక్ అని చప్పుడు వస్తే అదేనని అర్థం. జేసీ రోడ్డులో బుష్‌లు దొరికాయి, మార్చాక శబ్దం పోయింది. ఇప్పుడు ప్రతి ట్రిప్పు తర్వాత కడిగి గ్రీజు రాస్తున్నాను.

థార్ ఉన్న మా తమ్ముడు తనకూ వేయించమంటున్నాడు. ఆ బండికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్, అంటే ఒక్కో చక్రం విడిగా కదులుతుంది. చక్రం ఎంత దిగాలో అక్కడ ఆర్మ్‌లు, యాక్సిల్ జాయింట్లే నిర్ణయిస్తాయి కాబట్టి లింకు విప్పినా దక్కేది తక్కువ. ఆ డబ్బుతో మంచి ఆల్ టెర్రైన్ టైర్లు, గాలి కొట్టే కంప్రెసర్ కొనుక్కోమన్నాను.