గిటార్ ఆంప్: చిన్నదా, పెద్దదా, అసలు వద్దా?

ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్‌ని పెంచి వినిపించే స్పీకర్ పెట్టె, అంటే ఆంప్, కొనేముందు అందరూ అడిగే ప్రశ్న “ఎన్ని వాట్స్?” అని. నెల్లూరు, ఒంగోలు వైపు బ్యాండ్‌లో వాయించేవాళ్ళు ముందు అడగాల్సింది అది కాదు. స్టేజి మీద మన గిటార్‌ని జనానికి వినిపించేది ఎవరు? రిసెప్షన్ అయినా, చర్చి కన్వెన్షన్ అయినా, తిరునాళ్ళలో ఆర్కెస్ట్రా అయినా సౌండ్ సిస్టమ్ అద్దెకే వస్తుంది. బాక్సులు, మైకులూ వాయిద్యాల సౌండ్ కలిపే మిక్సర్, జనరేటర్ అన్నీ సౌండ్ అన్నవే. వెనక వరసలో కూర్చున్నవాడికి వినిపించే పని ఆ బాక్సులది, మన ఆంప్‌ది కాదు. మన ఆంప్ పనికి రావాల్సింది ఇంట్లో, ప్రాక్టీసు గదిలో. దీన్ని దృష్టిలో పెట్టుకుని చూస్తే లెక్క మారిపోతుంది.

ముందు చిన్న ఆంప్ సంగతి. ఫెండర్ ఫ్రంట్‌మ్యాన్ 10జి లాంటివి. 10 వాట్స్, 6 అంగుళాల స్పీకర్, హెడ్‌ఫోన్ జాక్, ఫోన్‌లో పాట పెట్టుకుని దాంతోపాటు వాయించడానికి ఆక్స్ ఇన్‌పుట్. తొలి ఏడాది నేర్చుకునేవాడికి ఇంతకు మించి అక్కర్లేదు. 20జి తీసుకుంటే 8 అంగుళాల స్పీకర్ వస్తుంది. రెండిట్లో ఒకటి తీసుకోమంటే నేను 20జి వైపే. వాట్స్ కోసం కాదు, ఆ స్పీకర్ కోసం. 6 అంగుళాల దాంట్లో లావు తీగ మీటితే బలం ఉండదు, రాక్ పాటల్లో వినే కరుకు సౌండ్, అదే డిస్టార్షన్, వేస్తే మరీ పల్చబడిపోతుంది.

ఇదే ఆంప్‌ని డ్రమ్స్ ఉన్న గదిలోకి తీసుకెళ్తే మాత్రం స్నేర్ డ్రమ్ మీద నాలుగు దెబ్బలు పడేసరికి గిటార్ మాయం. వాల్యూమ్ చివరిదాకా తిప్పితే సౌండ్ పెరగదు, పగిలిపోతుంది. అప్పుడు చాలామంది “50 వాట్స్ కొనుంటే ఐదింతలు వినపడేది” అనుకుంటారు. అది నిజం కాదు. 10 నుంచి 50కి వెళ్తే పెరిగేది 7 డెసిబెల్సే. చెవికి రెట్టింపు అనిపించాలంటే దాదాపు పదింతల వాట్స్ కావాలి. అసలు తేడా స్పీకర్ దగ్గర ఉంది. 6 అంగుళాల నుంచి 12కి వెళ్తే గాలిని నెట్టే వైశాల్యం నాలుగింతలవుతుంది. ప్రాక్టీసు గదిలో గెలిపించేది అదే.

అందుకే రెండోదిగా బాస్ (Boss) కంపెనీ కటానా 50ని చూడమంటాను. 12 అంగుళాల స్పీకర్, లోపలే డిలే, రివర్బ్, కోరస్ లాంటి ఎఫెక్ట్స్. పైన ఒక పవర్ నాబ్ ఉంటుంది: అర వాట్, 25, 50. డ్రమ్స్ పక్కన 50లో పెట్టుకోవచ్చు, ఇంట్లో అరకి తిప్పుకోవచ్చు. ఇంట్లో చిన్న ఆంప్‌తో ఉండే పెద్ద తలనొప్పి వాల్యూమ్ నాబ్. ఒకటి దగ్గర ఏమీ వినపడదు, వెంట్రుకవాసి కదిలిస్తే పక్కింటి పిన్ని గోడ మీంచి “ఏందబ్బాయా ఆ గోల, పిల్లకి రేపు పరీక్ష!” అంటుంది. పవర్ తగ్గించుకునే వీలుంటే ఆ నాబ్‌ని కాస్త విశాలంగా తిప్పుకోవచ్చు, టోన్ కూడా నిండుగా ఉంటుంది. అలాగని అర వాట్ అంటే గుసగుస అనుకోకండి. ఆ సైజు స్పీకర్‌లో అర్ధరాత్రి అర వాట్ కూడా వీధిలోకి వినపడుతుంది. పదయ్యాక హెడ్‌ఫోనే గతి. బరువు పన్నెండు కిలోల లోపే, స్కూటీ ముందు పెట్టుకుని పోవచ్చు. ధర మాత్రం చిన్న ఆంప్‌కి కొన్ని రెట్లు ఉంటుంది.

మూడో దారి, అసలు ఆంప్ కొనకపోవడం. జూమ్ జి1 ఫోర్ లాంటి మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ (రకరకాల ఎఫెక్ట్స్, ఆంప్ టోన్లు లోపలే ఉండి కాలితో నొక్కే చిన్న పెట్టె) ఒకటి కొని, ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని, స్టేజి మీద నేరుగా మిక్సర్‌కి ఇవ్వడం. నాలుగు పెన్సిల్ సెల్స్‌తో కూడా నడుస్తుంది, గిటార్ బ్యాగు జేబులో పడుతుంది. ఆర్కెస్ట్రాలకీ చర్చి టీములకీ ఇదే తెలివైన పని అని నా నమ్మకం. ఒక్క జాగ్రత్త: అందులో క్యాబినెట్ సెట్టింగ్ (గిటార్ స్పీకర్ పెట్టెని అనుకరించేది) ఆన్‌లో ఉండాలి. గిటార్ స్పీకర్ 5 వేల హెర్ట్జ్ దాటిన సౌండ్‌ని చాలావరకు తనే కోసేస్తుంది. స్టేజి బాక్సులు కొయ్యవు, ఉన్నదంతా వినిపిస్తాయి. మామూలు డిస్టార్షన్ పెడల్‌ని తిన్నగా మిక్సర్‌లో గుచ్చినప్పుడు రేకు డబ్బాలో కందిరీగ దూరినట్టు ఉండేది అందుకే. మిక్సర్ దూరంగా ఉంటే మధ్యలో డిఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ని పొడుగు కేబుల్‌కి తగ్గట్టు మార్చే చిన్న డబ్బా) పెట్టమనండి, లేకపోతే పొడుగు కేబుల్ గుయ్‌మనే హమ్‌ని మోసుకొస్తుంది.

దీనికో పెద్ద లోటు ఉంది. మానిటర్ (స్టేజి మీద మన వైపు తిప్పి పెట్టే స్పీకర్) ఇస్తేనే మన గిటార్ మనకు వినపడుతుంది. ఉన్న ఒక్క మానిటర్ ఎటూ పాడేవాళ్ళ ముందుకే పోతుంది. ప్రాక్టీసు గదిలో మిక్సరే లేకపోతే ఇంకొకరి ఆంప్‌లో చోటు అడుక్కోవాలి. కటానా పక్కన ఉంటే ఈ గొడవ లేదు. దాని ముందు ఒక మైకు పెట్టి మిక్సర్‌కి ఇచ్చి, ఆంప్‌ని మన మోకాళ్ళ వైపు తిప్పి పెట్టుకుంటే అదే మానిటర్.

ఏది కొన్నా ఎర్త్ విషయంలో మాత్రం నిర్లక్ష్యం వద్దు. ఆంప్ ఒక బోర్డు నుంచి, మిక్సర్ ఇంకో బోర్డు నుంచి కరెంటు తీసుకుని, రెండిట్లో ఒకదానికి ఎర్త్ సరిగా లేకపోతే, తీగల మీద చెయ్యి ఉండగా పెదవి మైకుకి తగిలిందంటే షాక్ కొడుతుంది. చిన్న చురుకే అని వదిలేసే విషయం కాదిది, ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ప్లగ్గు పట్టలేదని మూడో పిన్ను విరిచేసేవాళ్ళని చూస్తుంటాం, ఆ పని ఎవర్నీ చెయ్యనివ్వొద్దు. మిక్సర్‌కి ఏ బోర్డో ఆంప్‌కీ అదే బోర్డు, ఎర్త్ ఉన్నది కావాలని సౌండ్ అన్నకి ముందే చెప్పండి.

రిపేరు లెక్క కూడా వేసుకోవాలి. ఫ్రంట్‌మ్యాన్ లాంటి మామూలు సర్క్యూట్‌ని మైక్ సెట్లు బాగుచేసే మెకానిక్ ఎవరైనా విప్పి చూడగలరు. కటానా, జూమ్ లోపల ఉన్నవి డిజిటల్ బోర్డులు. పోతే కంపెనీ సర్వీసుకే పంపాలి.

సెమీ అకౌస్టిక్ (కేబుల్ గుచ్చుకునే వీలున్న అకౌస్టిక్ గిటార్) వాయించేవాళ్ళకి వీటిలో ఏదీ సరిపడదు. ఎలక్ట్రిక్ గిటార్ స్పీకర్‌లో ఆ తీగల మెరుపు చచ్చిపోతుంది. నేరుగా మిక్సర్‌కి ఇవ్వడమే మేలు. గృహ ప్రార్థనల్లాంటి చిన్న కూడికలకైతే స్ట్రేంజర్ లాంటి బ్రాండ్లలో మైక్ ఇన్‌పుట్ కూడా ఉన్న క్యూబ్ ఆంప్ ఒకటి చాలు.

నా మాటైతే ఇది. ఇంట్లో నేర్చుకునేవాడికి 20జి. డ్రమ్స్‌తో వారం వారం కలిసే బ్యాండ్ ఉంటే కొన్నాళ్ళు ఆగైనా కటానా. ఎప్పుడూ ఇంకొకరి సౌండ్ మీద వాయించేవాడైతే పెడల్, మిగిలిన డబ్బుతో మంచి కేబుల్, డిఐ బాక్స్.

కొత్తది కొనడానికి పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై పోయేవాళ్ళు మౌంట్ రోడ్డులో 1842 నుంచి ఉన్న మ్యూజీ మ్యూజికల్ లాంటి షాపులో నాలుగు ఆంప్‌లు పోల్చి చూడొచ్చు. గిటార్ మాత్రం మనదే పట్టుకెళ్ళాలి. సెకండ్ హ్యాండ్ అయితే ప్రతి నాబ్‌నీ మెల్లగా చివరిదాకా తిప్పండి. మన కోస్తా ఉప్పుగాలికి నాబ్‌లు గరగరమనడం మామూలే, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే కొడితే పోతుంది. జాక్ కదిపినప్పుడు సౌండ్ వస్తూ పోతూ ఉంటే ధర తగ్గించమని అడగండి. అరగంట వాయించాక లోపలినుంచి కాలిన వాసన వస్తే బేరం మానుకోండి.