గ్రీన్ బేలో బిగ్ బాయ్: ఇంజన్ కోసం వెళ్లండి, బస మాత్రం జాగ్రత్తగా చూసుకోండి

ముందే చెప్పేస్తాను. విస్కాన్సిన్‌లోని గ్రీన్ బేలో ఉన్న నేషనల్ రైల్‌రోడ్ మ్యూజియం, అందులోని బిగ్ బాయ్ అనే భారీ ఆవిరి ఇంజన్ చూడాలనుకుంటే తప్పకుండా వెళ్లండి. ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శని, ఆదివారాల్లో మాత్రం వద్దు. మేం ఆ తప్పే చేశాం.

మా నాన్న రిటైర్డ్ రైల్వే మనిషి. 1972లో బిట్రగుంట లోకో షెడ్‌లో క్లీనర్‌గా చేరి, ఆవిరి ఇంజన్ల మీద బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చాలా ఏళ్లు చేసి, డీజిల్ డ్రైవర్‌గా రిటైరయ్యారు. ఈ వేసవిలో మా దగ్గరికి వచ్చారు. నయాగరా చూపించాం, "బాగుందిరా" అన్నారు, అంతే. ఒకరోజు మావాడి టాబ్లెట్‌లో బిగ్ బాయ్ ఇంజన్ వీడియో చూసి, "ఇది మనకి ఎంత దూరం?" అని అడిగారు. వచ్చిన రెండు నెలల్లో ఆయన నోరు తెరిచి ఒకటి చూస్తానని అడగడం అదే మొదటిసారి. ఆ వారమే బయల్దేరాం. షికాగో దగ్గర మేముండే నేపర్‌విల్ నుంచి 3 గంటల 45 నిమిషాలు, దారంతా హాయిగా సాగింది.

బాధంతా హోటల్ దగ్గర మొదలైంది. బుకింగ్ యాప్‌లో రెండు క్వీన్ బెడ్లున్న రూము రాత్రికి 189 డాలర్లని చూపించింది. మరుసటి వారం తేదీలు పెట్టి చూస్తే అదే రూము 94. ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ ఆట సొంత ఊళ్లో ఉంటే గ్రీన్ బేలో రూముల రేట్లు ఇలా ఉంటాయని నాకు అప్పటికి తెలియదు. సరే, నాన్న సరదా కంటే ఎక్కువా అనుకుని కట్టేశాను. నాన్నకి మోకాళ్ల నొప్పులు కాబట్టి గ్రౌండ్ ఫ్లోర్ కావాలని బుకింగ్‌లో రాశాను, రెండుసార్లు ఫోన్ చేసి కూడా చెప్పాను. రెండోసారి ఎత్తినామె "నోట్ చేసుకున్నాం" అంది.

రాత్రి 9:20కి చేరాం. రూము మూడో అంతస్తులో ఇచ్చారు. లిఫ్ట్ పనిచేయడం లేదు. కౌంటర్‌లో కుర్రాడు తల కూడా ఎత్తకుండా, "రిక్వెస్ట్ అంటే గ్యారంటీ కాదు" అన్నాడు. కింద వేరే రూము లేదట. డబ్బు వెనక్కి ఇవ్వమంటే యాప్ వాళ్లని అడగమన్నాడు. యాప్ వాళ్లకి ఫోన్ చేస్తే హోటల్ వాళ్లని అడగమన్నారు. ఈ లోపల నా కార్డు మీద 200 డాలర్లు డిపాజిట్‌గా బ్లాక్ చేశాడు.

36 మెట్లు. నాన్న వెనకే ఎక్కుతూ లెక్కపెట్టాను. మలుపు మలుపుకీ ఆగి, రెయిలింగ్ పట్టుకుని, "ఏం కాదులేరా, మెల్లగా పోదాం" అంటూ ఆయనే నాకు సర్దిచెప్పారు. పైకి వెళ్లి తలుపు తీస్తే ఒకటే మంచం, సిగరెట్ వాసన. మా ఆవిడ ఇక ఆగలేకపోయింది. "మామయ్యని ఇలాంటి చోటికి తీసుకొస్తావా?" అని నా మీద, తర్వాత కిందికి దిగి ఆ కుర్రాడి మీద గట్టిగానే అరిచింది. చివరికి ఒక మడత మంచం వచ్చింది, దానికి కూడా రాత్రికి 20 డాలర్లు వేశారు. ఫెసిలిటీ ఫీజు అని ఇంకో 18. రెండు రాత్రులకి పన్నులతో కలిపి 511 డాలర్ల 40 సెంట్లు అయింది. ఇంత డబ్బు పోసి మంచి హోటల్లో దిగొచ్చు కదా అని ఇప్పటికీ బాధగానే ఉంది. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు యాప్‌ల జోలికి పోకండి. నేరుగా హోటల్‌తో బుక్ చేసుకుని, గ్రౌండ్ ఫ్లోర్ అన్న మాట ఈమెయిల్లో రాయించుకోండి. లిఫ్ట్ పనిచేస్తోందా అని కూడా అడగండి.

పొద్దున ఎవరి మొహంలోనూ కళ లేదు. నాన్న మాత్రం ఆరింటికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నారు.

మ్యూజియం తెరవగానే లోపలికి వెళ్లాం. బిగ్ బాయ్ బయట ఎండావానల్లో కాకుండా పెద్ద షెడ్డులాంటి హాల్లో, కప్పు కింద ఉంది. నంబరు 4017. యూనియన్ పసిఫిక్ రైల్వే కోసం న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీలో, ఆల్కో ఫ్యాక్టరీలో 1941లో తయారైంది. మొత్తం 25 చేస్తే ఇప్పుడు మిగిలినవి ఎనిమిదే. వెనక బొగ్గు, నీళ్లు మోసే టెండర్‌తో కలిపి 132 అడుగులు దాటే పొడవు. ఎంత వెనక్కి జరిగినా నా ఫోన్‌లో మొత్తం పట్టలేదు. మీరూ ఫొటోల కోసం టైమ్ పోగొట్టుకోకండి, పక్కనే నడుచుకుంటూ చూడండి.

నాన్న ఏమీ మాట్లాడలేదు. చక్రం పక్కన నిలబడి అరచెయ్యి అంచు మీద పెట్టారు. చక్రం ఆయన తలకంటే ఎత్తు. బోర్డు చూసి 68 అంగుళాలని చదివాను. "మా డబ్ల్యూపీ ప్యాసింజర్ ఇంజన్ చక్రం 67. ఒక్క అంగుళమే తేడా. కాకపోతే బండిని లాగే చక్రాలు మాదానికి ఆరు, దీనికి పదహారు" అన్నారు. తర్వాత మావాణ్ని దగ్గరికి పిలిచి, పైన బాయిలర్ ఒకటే అయినా కింద రెండు ఇంజన్లున్నాయని వేలితో చూపించారు. వంపు వచ్చినప్పుడు ముందున్న చక్రాల సెట్టు పట్టాలతో పాటు తిరుగుతుంది, బాయిలర్ మాత్రం తిన్నగానే ఉండి పక్కకి పొడుచుకొస్తుంది. అప్పటిదాకా ఫోన్ కావాలని గొడవ చేస్తున్నవాడు కింద కూర్చుని ఆ కీలు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు.

అక్కడ ఒక పెద్దాయన, వాలంటీరు. నాన్న చూసే తీరు చూసి ఆయనే వచ్చి పలకరించాడు. మధ్యలో నేను దుబాసీని. యూటాలోని ఆగ్డెన్ నుంచి వాసాచ్ కొండలెక్కి వయోమింగ్ వైపు 3,600 టన్నుల గూడ్సుని ఇంకో ఇంజన్ సాయం లేకుండా లాగడానికి దీన్ని చేశారట. నూటికి 1.14 ఎత్తు, అంటే వంద అడుగులు ముందుకి పోతే 1.14 అడుగులు పైకి ఎక్కాలి. నాన్న ఆ లెక్క వినగానే తల ఊపారు, నాకు మాత్రం విప్పి చెప్పాల్సి వచ్చింది. ఫ్యాక్టరీలో ఎవరో పనివాడు ముందు భాగం మీద సుద్దముక్కతో రాసిన 'బిగ్ బాయ్' అన్న పేరే దీనికి నిలిచిపోయిందని కూడా చెప్పాడు.

డ్రైవర్, ఫైర్‌మన్ కూర్చునే క్యాబ్‌లోకి ఎక్కొచ్చు. మెట్లున్నాయి. నేను చెయ్యి పట్టుకోబోతే నాన్న వద్దన్నారు. పైకి వెళ్లగానే ఆయన కళ్లు మొదట వెతికింది బాయిలర్‌లో నీటి మట్టం చూపించే గేజ్ గ్లాసుని. "డ్యూటీ ఎక్కగానే ముందు నీళ్లెంత ఉన్నాయో చూడాలి. నీళ్లు తగ్గి ఫైర్ బాక్స్ (బొగ్గు మండే పొయ్యి) కప్పు బయటపడిందా, బాయిలర్ పేలుతుంది. మిగతావన్నీ తర్వాత" అన్నారు. ఫైర్ బాక్స్ తలుపు దగ్గర వంగి చాలాసేపు లోపలికి చూశారు. బొగ్గు పరిచే ఇనప చట్రం, అంటే గ్రేటు, 150 చదరపు అడుగులు, వాళ్ల ఇంజన్లకి మూడింతలు. వయోమింగ్ గనుల నాసి బొగ్గుతో నడపాలి కాబట్టి అంత పొయ్యి కావాల్సి వచ్చిందట. "దీనికి పారతో బొగ్గు వేసే మనిషి పుట్టలేదు" అన్నారు నాన్న. నిజమే, టెండర్ నుంచి స్క్రూ తిరిగి బొగ్గుని తెస్తే, ఆవిరి దాన్ని పొయ్యంతా చిమ్మేది. టెండర్‌లో 28 టన్నుల బొగ్గు పట్టేది.

వాలంటీరు డ్రైవర్ సీటు చూపించి కూర్చోమన్నాడు. నాన్న ఎడమవైపున్న ఫైర్‌మన్ సీటుకి వెళ్లారు. "ముందు నాది ఇదిరా" అన్నారు. కిటికీ అంచు మీద మోచెయ్యి ఆనించి ముందుకి చూస్తూ కూర్చున్నారు. మా ఆవిడ ఫొటో తీయబోయి ఫోన్ దించేసింది. వెనక ఎక్కడానికి ఇద్దరు పిల్లలు వచ్చారు. వాలంటీరు వాళ్లని రెండు నిమిషాలు కిందే ఆపాడు. ఆ మనిషికి ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే.

ఆ హాల్లోనే ఆకుపచ్చ రంగు బ్రిటిష్ ఇంజన్ ఒకటుంది, పేరు డ్వైట్ డి. ఐసెన్‌హోవర్. 1938లో గంటకి 126 మైళ్లు పరిగెత్తిన మాలార్డ్ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజన్ ఏ జాతో ఇదీ అదే. మా ఆవిడకి ఇదే నచ్చింది. ఏరోట్రైన్ అనే 1950ల నాటి డీజిల్ రైలు పిల్లలకి సరదాగా ఉంటుంది. మాకు నలుగురికి టికెట్లు, గిఫ్ట్ షాపులో ఒక టోపీ కలిపి 83 డాలర్లయ్యాయి.

మధ్యాహ్నం దగ్గర్లో ఒక చిన్న చోట తాజా చీజ్ కర్డ్స్ (చిన్న చీజ్ ముక్కలు) కొన్నాం, 9 డాలర్ల 50 సెంట్లు. నాన్న జున్ను అనుకుని నోట్లో వేసుకున్నారు. నమిలితే పళ్ల కింద కీచుమని చప్పుడొస్తుంది, తాజాదనానికి అదే గుర్తు. మావాడూ ఆయనా ఎవరిది గట్టిగా అరుస్తుందో పందెం వేసుకుని పొట్లం ఖాళీ చేశారు. వేయించినవి కూడా తిన్నాం కానీ నా ఓటు పచ్చివాటికే.

ఆదివారం దగ్గర్లోనే సరస్సు ఒడ్డున ఉన్న డోర్ కౌంటీ చూడ్డానికి వెళ్దామనుకున్నాం. కారు ఎక్కాక నాన్న మెల్లగా, "పోయే ముందు ఇంకొకసారి చూసి పోదామా?" అన్నారు. మా ఆవిడ నాకంటే ముందే సరే అనేసింది. మళ్లీ టికెట్లు కొన్నాం. ఈసారి నేను, మా ఆవిడ బెంచీ మీద కూర్చున్నాం. తాతామనవళ్లు ముందు నుంచి టెండర్ చివరిదాకా రెండు గంటలు తిరిగారు. ఒక పూట పెట్టుకుని వెళ్లేవాళ్లు కనీసం మూడు గంటలైనా ఈ హాలుకే ఉంచుకోండి.

ఎనిమిదింటిలో ఒకటి, 4014, ఇప్పటికీ నడుస్తోంది. 2013లో యూనియన్ పసిఫిక్ దాన్ని కాలిఫోర్నియా నుంచి వెనక్కి తీసుకుని, బాగుచేసి 2019లో పట్టాలెక్కించింది. కాకపోతే ఇప్పుడది బొగ్గుతో కాదు, నూనెతో నడుస్తుంది. ఈ మాట చెప్పినప్పుడు నాన్న కొంచెం ఆలోచించి, "నూనె అయితేనేం, కూత అదే కదా" అన్నారు. అది ఎప్పుడు, ఏ ఊరి మీదుగా వెళ్తుందో మావాడు రోజూ వెతికి ఆయనకి చెబుతున్నాడు.