తెవికీలో మరుగునపడ్డ నవలకు పేజీ: ‘విషయ ప్రాముఖ్యత’ నియమాన్ని ఏళ్ల తరబడి వాడాక

తెవికీలో, అంటే తెలుగు వికీపీడియాలో, పాత నవలల మీద, కథా సంపుటాల మీద వ్యాసాలు రాయడం నాకు చాలాకాలంగా అలవాటు. పేజీ పెట్టేవాళ్లకీ తీసేయమనేవాళ్లకీ మధ్య పేచీ ఎప్పుడూ ఒకే మాట దగ్గర మొదలవుతుంది: విషయ ప్రాముఖ్యత, అంటే ఒక విషయానికి విడి పేజీ ఉండొచ్చా లేదా అని తేల్చే నియమం. ఈ నియమాన్ని నేను రెండు వైపుల నుంచీ వాడాను, పేజీని నిలబెట్టడానికీ వాడాను, తొలగింపు చర్చలో ‘తీసేయొచ్చు’ అని రాయడానికీ వాడాను. అయిదుకి మూడున్నర వేస్తా.

నవల బాగుందా, చదివి ఏడ్చామా అన్నదాంతో దీనికి పని లేదు. ఆ పుస్తకంతో సంబంధం లేనివాళ్లు, నమ్మదగ్గ చోట, దాని గురించి కాస్త వివరంగా రాశారా అన్నదే ప్రశ్న. ఇంగ్లీషు వికీలో పుస్తకాలకు విడిగా ఒక నియమాల పేజీ ఉంది, మన చర్చల్లోనూ జనం దాన్నే ముందు పెడుతుంటారు. అలాంటి సమీక్షలు కనీసం రెండు ఉండాలి, లేదా పెద్ద సాహిత్య పురస్కారం రావాలి, లేదా చెప్పుకోదగ్గ సినిమాకి ఆ నవల ఆధారం అయ్యుండాలి, లేదా చదువుల్లో పాఠ్యంగా ఉండాలి, లేదా రచయితే అంత చారిత్రక వ్యక్తి అయ్యుండాలి. యద్దనపూడి సులోచనారాణి ‘మీనా’ 1973లో, ‘సెక్రటరీ’ 1976లో సినిమాలుగా వచ్చాయి కాబట్టి వాటి మీద ఎవరూ నోరెత్తరు. తంటా అంతా ఆ రోజుల్లోనే ఏదో వీక్లీలో సీరియల్‌గా వచ్చి, ఆడవాళ్లు వారం వారం చింపి కుట్టుకుని దాచుకున్నా, తర్వాత ఎవరూ పేరెత్తని నవలలతోనే.

ఈ నియమం బాగా పనిచేసే చోటు ఒకటి చెప్తాను. సొంత ఖర్చుతో అచ్చేసుకున్న ఒక నవలకి పేజీ వచ్చింది, కింద మూలాలు బారెడు. ఒక్కొక్కటీ తెరిచి చూస్తే, మొదటిది ఆ పుస్తకంలోనే ఉన్న ముందుమాట. పెద్ద విమర్శకుడే రాశాడు, కాదనను, కానీ అచ్చేసినవాళ్లు అడిగి రాయించుకున్నది స్వతంత్ర మూలం ఎలా అవుతుంది? రెండోది పత్రికలో ‘అందిన పుస్తకాలు’ శీర్షిక కింద పేరూ వెలా పేజీల సంఖ్యా ఉన్న ఒక్క లైను. మూడోది జిల్లా ఎడిషన్‌లో ఆవిష్కరణ వార్త, వేదిక మీద ఎవరెవరు కూర్చున్నారో, ఎవరికి శాలువా కప్పారో అంతా ఉంది, నవలలో ఏముందో మాత్రం ఒక్క ముక్క లేదు. నాలుగోది ఒక బ్లాగు, అందులోని పేరా మన వికీ పేజీ నుంచే ఎత్తింది! ఇవి చూశాక ఓటు ఎటు వేయాలో తేల్చుకోవడానికి నాకు టెన్షన్ ఏమీ అనిపించలేదు. తెలుగు పుస్తకాలకి ముందుమాటల బెడద ఎంతంటే, ఒక్కోసారి నవల కన్నా అవే బరువుంటాయి, మూలాల జాబితాలో ముందు వాటిని పక్కన పెట్టి చూడటం మంచిది.

పురస్కారం దగ్గర మాత్రం తూకం అంత సులువు కాదు. కేంద్ర సాహిత్య అకాడమీ అంటే సరే. వీక్లీలు ఉగాదికీ దీపావళికీ పెట్టిన నవలల పోటీల సంగతేంటి? ఆ రోజుల్లో ఆ బహుమతి వస్తే రచయిత దశ తిరిగిపోయేది, కానీ బహుమతి ఇచ్చిందీ సీరియల్ వేసిందీ ఒకే పత్రిక. నా లెక్కలో అది సగం మార్కు, దాంతోపాటు బయటి సమీక్ష ఒక్కటైనా చూపించాలి.

ఒకటిన్నర మార్కులు ఎందుకు కోశానంటే, ఈ నియమం మన దగ్గర ప్రాముఖ్యతని కాక స్కాన్ అయినదాన్ని కొలిచే ప్రమాదం ఉంది. ‘భారతి’ సాహిత్య పత్రిక 1924 నుంచి 1991 దాకా నడిచింది, ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేయించిన పత్రికల పుణ్యమా అని పాత సమీక్షలు కొన్ని ఇంట్లో కూర్చునే దొరుకుతాయి. కథలకైతే శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం ఉంది, ఏ కథ ఏ పత్రికలో వచ్చిందో అక్కడ తెలుస్తుంది (అచ్చయిందనడానికి అది సాక్ష్యం, ఎవరైనా పట్టించుకున్నారనడానికి కాదు). మిగతా వీక్లీలు చాలావరకు వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల బీరువాల్లోనే వెతుక్కోవాలి. చర్చలో ఎవరో ఒకరు ‘లింకు ఏదీ?’ అంటారు. లింకు ఉండాలని నియమంలో ఎక్కడా లేదు, పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు, సమీక్షకుడి పేరు ఇస్తే అచ్చు మూలం చెల్లుతుంది. నేను ఆ నాలుగూ రాసి, సమీక్షలోంచి రెండు వాక్యాలు చర్చ పేజీలో ఎక్కిస్తాను, అక్కడితో సగం గొడవ సద్దుమణుగుతుంది.

ఇంకో లోటు, ఈ కొలత విమర్శకుల అభిరుచికి లోబడి నడుస్తుంది. అద్దె పుస్తకాల షాపుల్లో నలిగిపోయేదాకా తిరిగిన డిటెక్టివ్ నవలలకి గంభీరమైన పత్రికల్లో సమీక్షలు దాదాపు ఉండవు. కొమ్మూరి సాంబశివరావు అంటే డిటెక్టివ్ యుగంధర్ అని ఒక తరం మొత్తానికి తెలుసు, కాబట్టి రచయిత పేజీకి ఢోకా లేదు, పాత్రకీ పేజీ పెట్టొచ్చేమో. ఆయన రాసిన ప్రతి నవలకీ విడి పేజీ అంటే మాత్రం కథాసారాంశం తప్ప రాయడానికేమీ ఉండదు. పైగా చివర్లో హంతకుడెవరో చెప్పేసిన సారాంశం!

మూలాలు చాలవని అనిపించిన చోట ఇప్పుడు నేను పేజీ తొలగించమని పట్టుబట్టడం లేదు. రచయిత పేజీలో రచనల జాబితా కింద ఆ నవలకి రెండు మూడు లైన్లు, ఏ పత్రికలో ఎప్పుడు వచ్చింది, ఎవరు అచ్చేశారు అని రాసి, నవల పేరుని అక్కడికి దారిమార్పు చేయమంటున్నాను, అంటే ఆ పేరుతో వెతికినవాళ్లు నేరుగా రచయిత పేజీకే చేరతారు. విశ్వవిద్యాలయాల పరిశోధన గ్రంథాలని ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ‘ఫలానా వారి నవలలు, ఒక పరిశీలన’ తరహా పీహెచ్‌డీ గ్రంథాలు ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు వాటిలో ఒకదాంట్లో ఆ నవల మీద పూర్తి అధ్యాయం బయటపడుతుంది. అప్పుడు దారిమార్పు తీసేస్తే చాలు, పాత వ్యాసం పాఠమంతా ఆ పేజీలో జరిగిన మార్పులన్నీ చూపించే చరిత్ర ట్యాబులో అలాగే ఉంటుంది.