రోలాండ్ ఎస్‌హెచ్-101: పదహారేళ్ళు వాడాక

ముందే చెప్పేస్తా, మెడలో వేసుకుని గిటార్‌లా వాయించాలన్న సరదాతోనే ఈ సింథసైజర్‌ని (ఎలక్ట్రానిక్‌గా స్వరాలు పుట్టించే కీబోర్డు) కొన్నా, ఇప్పుడు మాత్రం పదిసార్లలో తొమ్మిదిసార్లు ఒళ్ళో పెట్టుకునే వాయిస్తున్నా. 2009లో మాంచెస్టర్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ షాపులో దొరికింది, బూడిద రంగుది, ఎరుపూ నీలం కూడా ఉంటాయి గానీ అవి కంటపడటమే గగనం. ఈ ఊళ్ళో దీనికి వేరే మర్యాద ఉంది లెండి, ఎనభైల చివర్లో ఇక్కడి యాసిడ్ హౌస్ (ఒక రకం డాన్స్ సంగీతం) కుర్రాళ్ళు, 808 స్టేట్ లాంటి బ్యాండ్లవాళ్ళు, ఎవరికీ అక్కర్లేక చవగ్గా పడున్న ఇలాంటి మెషిన్లతోనే క్లబ్బులు ఊపేశారు. 1982లో వచ్చి 1986కల్లా తయారీ ఆగిపోయింది.

బరువు నాలుగు కిలోల చిల్లర. అంతకుముందు 1980లో వచ్చిన, ఇలాగే మెడలో వేసుకునే మూగ్ లిబరేషన్ ఆరు కిలోల పైనే, పైగా కరెంటు కోసం దాని తోక ఒక డబ్బాకి తగిలించాలి. ఇది ప్లాస్టిక్ ఒళ్ళు, ఆరు లావుపాటి సెల్లులు (సి సైజు) వేస్తే చాలు, ఆంప్‌కి వెళ్ళే వైరు తప్ప ఇంకేం ఉండదు. అయినా గంట నిలబడితే ఎడమ భుజం గుంజుతుంది, నాకిప్పుడు యాభై దాటాయి అది వేరే విషయం.

అసలు చిక్కు బరువు కాదు. ఎడమ చెయ్యి గ్రిప్ (పక్కన విడిగా తగిలించే పిడి) మీద ఉంటుంది, అక్కడ పిచ్ వంచే చక్రం, స్వరాన్ని ఊపే మాడ్యులేషన్ మీట, అంతే. కుడి చెయ్యి కీల మీద. మరి ఫిల్టర్ (స్వరం పదును తగ్గించి పెంచేది) తెరవాలంటే? ఏదో ఒక చెయ్యి వదలాల్సిందే, స్లైడర్లన్నీ కీల పైన వరసగా ఉంటాయి, మెడలో ఉన్నప్పుడు వంగి చూసుకోవాలి, చూసేవాళ్ళకేమో మనం బొడ్డు చూసుకుంటున్నట్టు ఉంటుంది. ఒక ఉగాది ప్రోగ్రాంలో పట్టు కుర్తా వేసుకెళ్ళా, ఎవరో అమ్మాయి పాడుతుంటే నా కుర్తా చేతి అంచు తగిలి ఫిల్టర్ రెజొనెన్స్ స్లైడర్ చివరిదాకా పోయింది, అది ఫుల్లుగా పెడితే ఫిల్టర్ తనంతట తనే ఈల వేస్తుంది, ఇంక చూస్కోండి హాలంతా ప్రెషర్ కుక్కర్. తర్వాత భోజనాల దగ్గర ఒక పిన్నిగారు "ఏం బాబూ, అది హార్మోనియమా గిటారా, పాడైనట్టుందే" అన్నారు. అప్పట్నుంచీ స్టేజీ మీద పొట్టి చేతుల చొక్కానే.

ఆ ఈల మాత్రం బంగారం. సోర్స్ మిక్సర్‌లో అన్నీ కిందకి దించేసి, రెజొనెన్స్ పైకి తోసి, ఫిల్టర్‌కి కీబోర్డ్ ట్రాకింగ్ (నొక్కిన కీని బట్టి ఫిల్టర్ కదలడం) ఫుల్ పెట్టి వాయిస్తే పిల్లనగ్రోవికి అన్నదమ్ముడు. పై స్వరాల దగ్గర శ్రుతి కాస్త పక్కకి పోతుంది, అందుకే పైకి ఎక్కువ వెళ్ళను. పల్స్ విడ్త్ (శబ్ద తరంగం వెడల్పు) సన్నగా చేస్తే ముక్కుతో పాడినట్టు నాదస్వరం ఛాయ వస్తుంది. బేస్ (మంద్ర స్వరాల) సంగతి అందరూ చెప్పేదే, స్వరం పుట్టించే ఆసిలేటర్ ఒక్కటే అయినా కింద సబ్ ఆసిలేటర్ ఉంది, ఒకటి లేదా రెండు ఆక్టేవ్‌లు కిందకి, అది కలిపితే కిటికీ అద్దాలు మాట్లాడతాయి.

ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, కార్డ్స్ రావు అని చాలామంది పెదవి విరుస్తారు. నాకు అదే నచ్చింది. మన సంగీతంలో కార్డ్స్ ఎవడిక్కావాలి! పోర్టమెంటోని (స్వరం నుంచి స్వరానికి జారడం) ఆటోలో పెడితే ఒక కీ వదలకుండా ఇంకోటి నొక్కినప్పుడే స్వరం జారుతుంది, విడిగా నొక్కితే జారదు, అంటే జారు ఎక్కడ కావాలో నా వేళ్ళే చెప్తాయి. స్వరం ఊగే కంపిత గమకానికి కిందున్న బెండర్ (స్వరాన్ని వంచే మీట) వాడతా, ఎంత వంగాలో స్లైడర్‌తో ముందే పెట్టుకోవచ్చు, దాన్ని ఒకటిన్నర స్వరానికి సర్దుకోడానికి నాకు ఏడాది పట్టింది, తోడిలో గాంధారం ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు. గ్రిప్ మీది చక్రంతో గమకం పలికించడం నావల్ల కాలేదు, అందుకే ఒళ్ళోకి దిగింది ఇది. కీలకి వేలి ఒత్తిడి తెలీదు, మెల్లగా కొట్టినా గట్టిగా కొట్టినా ఒకటే, వాల్యూమ్ పెడల్ తప్పదు.

సీక్వెన్సర్ (నొక్కిన స్వరాల వరసని గుర్తుంచుకుని తనే తిరిగి వాయించేది) గురించి ఎవరూ సరిగ్గా రాయరు. వంద స్టెప్పులు, ఒక్కో స్వరం నొక్కుతూ పోవడమే, మధ్యలో రెస్ట్ (విరామం), లెగాటో (స్వరాలు అతుక్కుని రావడం) కూడా పెట్టొచ్చు. వేరే మెషిన్లలోలా పదహారు గళ్ళు నింపాలన్న గొడవ లేదు, ఎన్ని నొక్కితే అంత పొడవు, ఐదు నొక్కితే ఖండచాపు, ఏడు నొక్కితే మిశ్రచాపు అలా తిరుగుతూనే ఉంటుంది. వెనక ఎక్స్‌టర్నల్ క్లాక్ ఇన్ అనే సాకెట్‌లో డ్రమ్ మెషిన్ ట్రిగ్గర్ పెడితే ఒక్కో దెబ్బకి ఒక్కో స్టెప్ నడుస్తుంది, నేను లాప్‌టాప్ నుంచి గట్టి టిక్ టిక్ సౌండ్ పంపిస్తా, దానికీ నడుస్తుంది. దెబ్బలు సమానంగా కాకుండా తాళం ప్రకారం ఇస్తే సీక్వెన్స్ కూడా అలాగే కుంటుతుంది, ఇది ఆదివారాలు తినేసిన విషయం.

మిడి (వాయిద్యాలూ కంప్యూటర్లూ మాట్లాడుకునే పద్ధతి) లేదు, అది వచ్చిందే 1983లో. సివి (స్వరం ఏదో వోల్టేజీతో చెప్పేది), గేట్ (కీ నొక్కారని చెప్పేది) ఉన్నాయి, ఆక్టేవ్‌కి ఒక వోల్ట్ లెక్క కాబట్టి మిడిని వీటికి మార్చే డబ్బా ఒకటి కొంటే కంప్యూటర్‌తో మాట్లాడుతుంది. సౌండ్లు సేవ్ చేసుకునే మెమరీ కూడా లేదు, నా ఫోన్ నిండా స్లైడర్ల ఫొటోలే, మా ఆవిడ అమ్మాయి పెళ్ళి ఫొటోల మధ్యలో ఇవేంటని తిడుతుంది. చలికాలం హాల్లో ఆన్ చేసి ఓ పావుగంట ఆగాకే శ్రుతి చూసుకోండి.

ఇన్నేళ్ళలో రిపేర్లు పెద్దగా లేవు. నాలుగు స్లైడర్లు గరగరలాడితే శుభ్రం చేయించా, కీల కింద రబ్బరు కాంటాక్టులు రెండుసార్లు తుడిచా, మూడు స్లైడర్ టోపీలు ఎక్కడో రాలిపోయాయి.

ఇప్పుడు మంచి స్థితిలో ఉన్నవాటికి వెయ్యి పౌండ్ల పైనే అడుగుతున్నారు, నన్నడిగితే వద్దంటా. రోలాండ్ వాళ్ళే 2017లో ఎస్‌హెచ్-01ఏ అని చిన్న డిజిటల్ డబ్బా తెచ్చారు, నాలుగు స్వరాలు కలిపి పలుకుతాయి, మెడలో వేసుకునే ముచ్చటే కావాలంటే బెరింజర్ నకలు ఉంది, దానికి యూఎస్‌బీ మిడి కూడా ఉంది. కాదు పాతదే కావాలంటే కొనేముందు అన్ని కీలూ ఒక్కోటి నొక్కి చూడండి, బెండర్ వదిలితే స్వరం మళ్ళీ సరిగ్గా మధ్యకి వస్తోందో లేదో వినండి, గ్రిప్ లేకపోతే గట్టిగా బేరమాడండి, విడిగా దొరకడం కష్టం. సెల్లుల మూత తప్పకుండా తెరిపించి చూడండి, నేనొక ఎండాకాలం ఇండియా వెళ్తూ సెల్లులు తీయడం మర్చిపోయా, తిరిగొచ్చేసరికి స్ప్రింగుల నిండా ఆకుపచ్చ చిలుము, వెనిగర్ పెట్టి ఇయర్‌బడ్‌తో గీకుతూ ఒక శనివారం మొత్తం కూర్చున్నా.