జేబు గైగర్ కౌంటర్: చప్పుడుకు ఫుల్ మార్కులు, అంకెకు కాదు

మా ఫిజిక్స్ ల్యాబ్‌కి ఈ జేబు గైగర్ కౌంటర్, అంటే రేడియేషన్ తగిలినప్పుడల్లా టిక్కుమనే మీటర్, వచ్చి ఏడాదైంది. ల్యాబ్ అసిస్టెంట్‌ని కాబట్టి ఎప్పుడూ నా చేతిలోనే ఉంటుంది. ఇన్నాళ్లూ పిల్లలకు టిక్కుటిక్కులు వినిపించడానికే పనికొచ్చింది. దాని సత్తా ఏమిటో సీజియం బిళ్ల కనిపించకుండా పోయిన రోజున తెలిసింది.

బిళ్ల అంటే పెద్ద బొత్తాం అంత ప్లాస్టిక్ చక్రం. లోపల రేడియేషన్ వెదజల్లే సీజియం-137, ఒక మైక్రోక్యూరీ అంత. సాయంత్రం రిజిస్టర్‌తో సరిచూస్తే పెట్టెలో దాని గుంట ఖాళీ! సెకనుకు 37,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతాయంటే చాలా అనిపిస్తుంది గానీ, మీటరు దూరంలో దాన్ని పట్టడం ఈ పరికరం వల్ల కాదు. గదిలో మామూలుగా ఉండే రేడియేషన్‌లోనే కలిసిపోతుంది. బెత్తెడు దగ్గరికి వెళ్తేనే తేడా తెలుస్తుంది.

సేఫ్టీ ఆఫీసర్‌కి ఫోన్ చేసి, చెత్తబుట్టలు ఎవరూ ఖాళీ చేయొద్దని చెప్పి, నేనూ మేడమూ వెతకడం మొదలుపెట్టాం. తెర మీది అంకె దండగ. అది గడిచిన అర నిమిషం సగటు. బల్ల దాటి వెళ్లిపోయాక తీరిగ్గా పెరుగుతుంది. చెవి మాత్రం అప్పటికప్పుడు పట్టేస్తుంది. ఇంకోటి, దాంతోపాటు ఇచ్చిన రబ్బరు తొడుగు, రేడియేషన్ లోపలికి వెళ్లడానికి మీటర్ వెనక ఉండే కిటికీని సగం కప్పేస్తుంది. బిళ్ల నుంచి వచ్చే రేడియేషన్‌లో అంతగా చొచ్చుకుపోలేని బీటా కణాలు ఆ రబ్బరులోనే ఆగిపోతాయి. తొడుగు పీకి పారేశాను.

బీరువా దగ్గర ఒక్కసారిగా టకటకా కొట్టుకుంది, దాంతోపాటు నా గుండె కూడా. తీరా చూస్తే పాత పెట్రోమాక్స్ దీపం మాంటిల్! అందులోని థోరియం కూడా రేడియేషన్ ఇస్తుందని చూపించడానికి ఎప్పుడో ఎవరో దాచిపెట్టారు. రేడియేషన్ ఏ పదార్థం నుంచి వస్తోందో ఇందులోని గైగర్ ట్యూబు చెప్పలేదు, ఆ పనికి రేడియేషన్ శక్తిని కొలిచే స్పెక్ట్రోమీటర్ ఉండాలి. కాబట్టి దీనికి మార్కులు తగ్గించను.

బిళ్ల చివరికి రెండు సీసం ఇటుకల సందులో దొరికింది, నిలువుగా ఇరుక్కుని. మొదటి చుట్టులో ఆ ఇటుకల ముందు నుంచే వెళ్లాం, ఉలుకూ పలుకూ లేదు. బాగా చొచ్చుకుపోయే గామా కిరణాలు కూడా ఐదు సెంటీమీటర్ల సీసం దాటి వందో వంతైనా బయటికి రావు మరి. రెండోసారి మేడం "పైనుంచి పెట్టి చూడవయ్యా" అన్నారు. సందు మీద పెట్టగానే టిక్కులు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి. పట్టకారుతో తీసి, టిష్యూతో తుడిచి, ఆ టిష్యూకి ఏమైనా అంటిందేమోనని దాన్నీ మీటర్ కింద పెట్టి చూశాకే ఊపిరి పీల్చుకున్నాం.

కొనేవాళ్లు హెడ్‌ఫోన్ పెట్టుకునే వీలున్న మోడల్ చూసుకోండి. దీనికి అది లేదు. ఆ సాయంత్రం టిక్కులు వినపడాలని ఫ్యాన్లన్నీ ఆపేసి, చెమటలు కారుతుంటే రెండు గంటలు వెతికాం.